రాక్షసి బొగ్గుకూ రాక్షసి బల్లులకూ పేరులోనే పోలిక

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో పెట్రోలు పుట్టుక గురించి వచ్చిన చిన్న వ్యాసాన్ని ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు నాకు చదివి వినిపించింది. కోట్ల సంవత్సరాల క్రితం చనిపోయిన డైనోసార్లు నేలలో కూరుకుపోయి, కుళ్ళి, కొన్ని బొగ్గుగానూ కొన్ని చమురుగానూ మారాయని అందులో రాశారు. చదవడం పూర్తయ్యాక ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఇన్నేళ్లుగా ఇన్ని బళ్లలో పోస్తున్నాం కదా తాతయ్యా, అన్ని డైనోసార్లు ఉండేవా?" అని అడిగింది. వ్యాసం రాసినవారికి రావలసిన సందేహం వినే పిల్లకు వచ్చింది. లేవు, ఉండటానికి వీలు లేదు. బొగ్గుకు గానీ చమురుకు గానీ డైనోసార్లు ముడిసరుకు కావు.

నూనె బావులు తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి ముక్కలను పరీక్షించే ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఈ పొరపాటు మీ వ్యాసంతో మొదలైనది కాదు. పాఠాలు చెప్పేవారి నోట, పోటీ పరీక్షల గైడ్లలో, ఫోన్లలో తిరిగే వీడియోలలో దీన్ని నేను ఎన్నోసార్లు విన్నాను, చూశాను. మన భాష కూడా దీనికి తెలియకుండానే కొంత ఊతమిచ్చిందని నా అభిప్రాయం. గనిలో దొరికే బొగ్గును మన పెద్దలు రాక్షసి బొగ్గు అన్నారు. తరువాతి కాలంలో డైనోసార్లకు రాక్షసి బల్లులు అనే పేరు పెట్టుకున్నాం. రెండింటికీ ముందు ఒకే మాట ఉంటే, ఒకదాని నుంచి మరొకటి వచ్చిందని చిన్నపిల్లలు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ రెండింటికీ సంబంధం లేదని నిరూపించే సాక్ష్యం ఎక్కడో అమెరికాలో కాదు, మన గోదావరి లోయలోనే పొరలు పొరలుగా పేర్చి ఉంది.

ప్రాణహిత గోదావరిలో కలిసే ప్రాంతం నుంచి దక్షిణంగా కొత్తగూడెం, ఇల్లెందు వైపు సాగే ఈ లోయ నిజానికి భూమి పగిలి కిందికి దిగబడిన ఒక పొడవాటి పల్లం. కోట్ల సంవత్సరాల పాటు నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు అందులో ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. అన్నిటికంటే అడుగున తాల్చీర్ పొరలు ఉంటాయి. మంచునదులు ఈడ్చుకొచ్చి పడేసిన గుండ్రాళ్లు వాటిలో కనబడతాయి, ఎందుకంటే ఆనాడు మన నేల గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణార్ధగోళపు చలిలో ఉండేది. వాటి మీద, పెర్మియన్ యుగానికి చెందిన బరాకర్ వంటి పొరలలో, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల సంవత్సరాల క్రితం నాటి రాళ్లలో సింగరేణి బొగ్గు ఉంది. 1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించినదీ, 1889 నుంచి మనం తవ్వుకుంటున్నదీ ఈ బొగ్గే. దీనికి ఎంతో పైన, జురాసిక్ యుగపు కోట పొరలలో, డైనోసార్ల ఎముకలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం ఈ లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినదే. భూమి మీద మొట్టమొదటి డైనోసార్లు కనిపించింది సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం. కనుక కోటసారస్ గోదావరి లోయలో నడిచేనాటికి సింగరేణి బొగ్గుకు మూలమైన మొక్కలు దాని కాళ్ల కింద ఎంతో లోతున పూడిపోయి చాలా కాలమైంది. తాత పుట్టక ముందే మనవడు ఇల్లు కట్టాడంటే ఎంత అసంగతమో, డైనోసార్ల నుంచి సింగరేణి బొగ్గు వచ్చిందనడం అంత అసంగతం.

మరి బొగ్గు దేనితో తయారైంది? గనిలో బొగ్గు పొర పైకప్పుగా ఉండే బూడిదరంగు షేల్ రాయిని (బురద గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయి) ఉలితో జాగ్రత్తగా చీలిస్తే కొన్నిసార్లు లోపల నాలుక ఆకారపు ఆకు ముద్ర బయటపడుతుంది. మధ్యలో స్పష్టమైన నడి ఈనె, దానికి రెండు వైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు ఉంటాయి. ఆ చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. ఆకులు రాల్చే ఆ చెట్లూ వాటితో పెరిగిన ఇతర మొక్కలూ చిత్తడి నేలల్లో పడి, నీటి అడుగున పూర్తిగా కుళ్లక పీట్‌గా పేరుకున్నాయి. పీట్ అనువైన చోట కూడా ఏడాదికి మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే పెరుగుతుంది, ఆ తరువాత పై బరువుకు ఎన్నో రెట్లు అణిగిపోతుంది. అంటే ఒక మీటరు బొగ్గు వెనుక వేల సంవత్సరాల చిత్తడి అడవి ఉంటుంది. అడవి మధ్యలోకి వరద నీరు మోసుకొచ్చిన బంకమట్టి కలిసిపోవడం వల్లనే మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ.

ఇక్కడ అసలు కీలకం కుళ్లకపోవడం. చచ్చిన ప్రతి చెట్టూ బొగ్గు కాదు, చచ్చిన ప్రతి నాచూ చమురు కాదు. గాలి తగిలితే సూక్ష్మజీవులు వాటిని తినేసి తిరిగి బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిపేస్తాయి. మన ఇళ్లలో ఆవకాయ జాడీలో ముక్కల మీదికి నూనె తేలి ఉన్నంత కాలం బూజు పట్టదు, నూనె తగ్గి ముక్క పైకి తేలిన చోట వారంలో పాడవుతుంది. ప్రకృతిలోనూ అంతే. ప్రాణవాయువు అందని నిశ్చలమైన నీటి అడుగున పడి, త్వరగా బురద కప్పుకున్న పదార్థం మాత్రమే మిగులుతుంది. నల్లసముద్రంలో ఈనాటికీ సుమారు 150 మీటర్ల లోతు దాటితే ప్రాణవాయువు ఉండదు. అడుగు బురద నల్లగా, సేంద్రియ పదార్థంతో నిండి ఉంటుంది. ఇటువంటి చోట్లు అరుదు. భూమి మీద పుట్టే జీవపదార్థంలో వెయ్యింట ఒక వంతు కూడా ఇలా రాళ్లలో దాగదని శాస్త్రజ్ఞుల అంచనా. డైనోసార్ శవం సంగతికి వస్తే, దాని మాంసాన్ని ఇతర జంతువులు, సూక్ష్మజీవులు వెంటనే ఖాళీ చేస్తాయి. మిగిలే ఎముక కాల్షియం ఫాస్ఫేటు, దాని నుంచి చమురు రాదు.

చమురుకు ముడిసరుకు ప్రధానంగా కంటికి కనబడని జీవులు: సముద్రాలలోనూ సరస్సులలోనూ నీటి పైభాగంలో తేలుతూ ఎండతో ఆహారం చేసుకునే నాచు జాతులు, వాటిని తిని బతికే సూక్ష్మ ప్రాణులు, వీటన్నిటి మీదా పనిచేసే బాక్టీరియా. ఇవి చచ్చి సన్నని బురదతో కలిసి అడుగుకు చేరతాయి. బురద రాయిగా గట్టిపడే క్రమంలో వాటిలోని మాంసకృత్తులు, పిండిపదార్థాలు చాలావరకు విడిపోగా, మిగిలిన కొవ్వులు, మైనాలు, గట్టి పొరల ముక్కలు ఒకదానితో ఒకటి ముడిపడి ఏ ద్రావకంలోనూ కరగని ఒక గోధుమరంగు పదార్థంగా మారతాయి. దాన్ని కెరోజెన్ అంటారు. ఆ పేరుకు మూలం మైనాన్ని సూచించే గ్రీకు మాట. ప్రపంచంలో ఉన్న బొగ్గు, చమురు, గ్యాస్ అన్నీ కలిపినా రాళ్లలో చెదిరి ఉన్న కెరోజెన్ ముందు ఎంతో తక్కువ. నాచు నుంచి వచ్చిన కెరోజెన్‌లో హైడ్రోజన్ పుష్కలంగా ఉంటుంది కనుక వేడికి చమురు ఇస్తుంది. కలప, ఆకుల నుంచి వచ్చిన దానిలో హైడ్రోజన్ తక్కువ కనుక ఎక్కువగా గ్యాస్ ఇస్తుంది.

ఆ వేడి ఎంత అన్నది చాలామందికి తెలియదు. భూగర్భంలో లావా వంటి మంటలో చమురు కాగిందని అనుకుంటారు. నిజానికి అది మన వంటింటి వేడి. భూమిలోకి ప్రతి కిలోమీటరుకూ సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. రెండు మూడు కిలోమీటర్ల కింద, అంటే నీళ్లు మరిగే వేడికి అటూ ఇటూ, కెరోజెన్ విడివడి చమురు పుడుతుంది. స్థూలంగా 60 డిగ్రీల నుంచి 150 డిగ్రీల వరకు చమురు పుట్టే వేడి. అది దాటితే చమురే విరిగి గ్యాస్ అవుతుంది. తక్కువ వేడికి ఇంత పని ఎలా జరిగిందంటే, కాలం వల్ల. పూర్వం మా ఇంట్లో పిడకల దాలి మీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రగా, మీగడ కట్టి దిగేది. అదే పాలను పెద్ద మంట మీద పెడితే అరగంటలో పొంగి మాడిపోయేవి. ప్రకృతి చేసింది దాలి వంట.

మేము ప్రయోగశాలలో చేసింది పెద్ద మంట వంట. రిగ్గు (బావి తవ్వే యంత్రం) దగ్గర, బావిలోకి పంపే మడ్ అనే బురదతో పాటు పైకొచ్చిన కటింగ్స్‌ను, అంటే రాతి ముక్కలను, కడిగి, ఆరబెట్టి, లోతు రాసిన గుడ్డసంచిలో పంపేవారు. మొదట అతినీలలోహిత దీపం కింద పెట్టి చూసేవాళ్లం. పగటి వెలుగులో మామూలు మట్టిరాయిలా ఉన్న ముక్క చమురు తగిలినదైతే ఆ చీకటి పెట్టెలో పసుపు బంగారు రంగులో వెలిగేది. ఆ తరువాత షేల్‌ను నూరి, చిటికెడు పొడిని, సుమారు 100 మిల్లీగ్రాములను, చిన్న మూసలో వేసి రాక్ ఎవాల్ అనే యంత్రంలో పెట్టేవాళ్లం. ఫ్రెంచి పెట్రోలియం సంస్థలో 1970 దశకంలో రూపొందిన ఈ యంత్రం గాలి తగలకుండా 300 డిగ్రీల నుంచి నిమిషానికి 25 డిగ్రీల చొప్పున వేడి పెంచుతుంది. కాగితం మీద ముందు ఒక చిన్న గుట్ట గీస్తుంది, అది రాతిలో అప్పటికే తయారై ఉన్న చమురు. కొద్ది నిమిషాలకు రెండో గుట్ట లేస్తుంది, అది కెరోజెన్ నుంచి అప్పటికప్పుడు పుట్టినది. ఆ రెండో గుట్ట శిఖరం 435 డిగ్రీలు దాటితే ఆ రాయి భూమిలో చమురు పుట్టేంత వేడి చూసిందని అర్థం. ప్రకృతి కోట్ల ఏళ్లలో చేసిన పని కళ్ల ముందు అరగంటలోపు జరగడం నేను కొన్ని వేలసార్లు చూశాను. ఏ ఒక్కసారీ దానికి జంతువు ఎముక అవసరం పడలేదు.

గోదావరి కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం డెల్టాలోని మండపేట గ్యాస్ క్షేత్రం. సింగరేణి బొగ్గు ఉన్న పల్లం భద్రాచలం కొండల దగ్గరే ఆగిపోదు, డెల్టా కిందికి కూడా సాగుతుంది. అక్కడ అదే పెర్మియన్ యుగపు బొగ్గు, షేల్ పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు కొమ్ముగూడెం పేరు పెట్టారు. ఇల్లెందు దగ్గర పైపైనే ఉండిపోయిన పొరలు బొగ్గుగానే మిగిలాయి. డెల్టా కింద కిలోమీటర్ల లోతుకు దిగి బాగా వేడెక్కిన పొరలు గ్యాస్ విడిచాయి. ఆ గ్యాస్ పైనున్న ఇసుకరాయిలో చేరి మండపేట క్షేత్రమైంది. ఒకే అడవి, ఒకే యుగం. ఒకటి గనిలో రాయి అయింది, మరొకటి పైపులో గాలి అయింది. మన పిల్లల పాఠంలో ఉండవలసినది ఈ సంగతి.

ఇదంతా ఊహ కాదా, కోట్ల ఏళ్ల క్రితం జరిగినది ఎవరు చూశారు అని అడిగేవారికి సమాధానం చమురులోనే ఉంది. 1934లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో పార్ఫిరిన్ అనే అణువులను గుర్తించాడు. ఆకులకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో ఉండేది అదే వలయాకారపు నిర్మాణం; పచ్చని ఆకులో ఆ వలయం మధ్య మెగ్నీషియం కూర్చుని ఉంటే, చమురులో దాని స్థానాన్ని వెనేడియం లేదా నికెల్ ఆక్రమించి ఉంటుంది. ఆ అణువులు తీవ్రమైన వేడికి తట్టుకోలేవు కనుక చమురు పెద్ద మంటలో పుట్టలేదని కూడా ఆయన అప్పుడే చెప్పగలిగాడు. సేంద్రియ భూరసాయన శాస్త్రం అనే విభాగం అక్కడి నుంచి ఎదిగింది. ఆ తరువాత వందల కొద్దీ ఇటువంటి అణువులు బయటపడ్డాయి. హోపేన్లు బాక్టీరియా కణపు పొరల నుంచి వచ్చినవి (గుగ్గిలం చెట్టు కుటుంబానికే చెందిన హోపియా చెట్ల నుంచి ఆ పేరు పుట్టింది). ఒలియనేన్ అనేది పూలు పూసే మొక్కల గుర్తు. ఆ మొక్కలు డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ యుగంలో గానీ విస్తరించలేదు కనుక, ఒక చమురులో ఒలియనేన్ దండిగా కనబడితే దాని మూలశిల, అంటే ఆ చమురు పుట్టిన రాయి, అంతకన్నా పాతది కాదని చెప్పవచ్చు. మనిషికి వేలిముద్ర ఎలాగో చమురుకు ఇవి అలాగ. వీటన్నిటిలోనూ నాచు, బాక్టీరియా, మొక్కల ముద్రలే ఎదురవుతాయి. ఏదో ఒక సరస్సులో పడిన డైనోసార్ కొవ్వు కొంత ఎక్కడైనా కలిసి ఉండవచ్చని ఎవరైనా వాదిస్తే నేను కాదనను. కాని సముద్రంలో కలిసిన చెంబు నీళ్లను చూపించి సముద్రం ఆ చెంబులో నుంచి పుట్టిందనకూడదు.

చమురు కథలోకి డైనోసార్ ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. అమెరికాలో సింక్లెయిర్ అనే చమురు కంపెనీ 1930 నుంచి తన ప్రకటనల్లో పొడవాటి మెడ డైనోసార్‌ను వాడింది. ఆ బొమ్మ జనం మనసుల్లో బాగా నాటుకుంది. ప్రపంచంలోని చమురు మూలశిలల్లో పెద్ద భాగం జురాసిక్, క్రెటేషియస్ యుగాలవి కావడం, ఆ కాలంలో డైనోసార్లు తిరుగుతుండటం దీనికి తోడయ్యాయి. ఒకే కాలంలో ఉండటం వేరు, ఒకదాని నుంచి ఒకటి పుట్టడం వేరు. ఇక శిలాజ ఇంధనం అనే మన అనువాదం సంగతి. ఇంగ్లీషులోని ఫాసిల్ మాటకు లాటిన్‌లో మొదటి అర్థం తవ్వి తీసినది అని మాత్రమే. మనం దాన్ని శిలాజం అన్నాం, శిలాజం అనగానే పిల్లవాడి కళ్ల ముందు ఎముక నిలుస్తుంది. మాట మార్చమని నేను కోరడం లేదు. దాని పక్కన ఒక్క వివరణ వాక్యం చేర్చితే చాలు.

ఇదే పేజీలో కొద్ది వారాల క్రితం ఒక పాఠకుడు, చమురు భూగర్భంలో నిరంతరం ఊరుతూనే ఉంటుంది కనుక అయిపోతుందన్న భయం వృథా అని రాశారు. ఈ రెండో అపోహకు మూలం, భూమి కింద చమురు చెరువులు ఉంటాయనే నమ్మకం. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్ని 65 రోజులు మండినప్పుడు, రాత్రిళ్లు ఆ వెలుగు చూస్తూ మా బంధువులు "కింద ఎంత పెద్ద గ్యాస్ చెరువుందో" అని నన్ను అడిగేవారు. చెరువు లేదు. ఎండాకాలంలో గోదావరి ఇసుకలో చెలమ తీస్తే నీరు ఎలా ఊరుతుందో, ఇసుకరాతి రేణువుల సందుల్లో ఇరుక్కున్న గ్యాస్, చమురు బావిలోకి అలా ఊరుతాయి. చెలమలో నీరు తిరిగి ఊరిందంటే చుట్టుపక్కల ఇసుకలో ఉన్న నీరు అక్కడికి చేరిందని అర్థం, కొత్త నీరు పుట్టిందని కాదు. వట్టిపోయిన కొన్ని బావులు మళ్లీ కొంత ఇవ్వడమూ ఇటువంటిదే. చమురు ఇప్పుడు కూడా ఎక్కడో పుడుతూనే ఉందన్న మాట నిజమే. అయితే ప్రపంచం రోజుకు సుమారు 10 కోట్ల పీపాలు వాడుతోంది, పీపాకు 159 లీటర్ల లెక్కన. పుట్టుక కొలిచేది లక్షలు, కోట్ల ఏళ్లలో.

త్వరగా పుట్టే గ్యాస్ ఒకటి ఉంది, అదీ మన తీరంలోనే కనబడింది. గోబర్ గ్యాస్ తొట్టెలో పనిచేసే జాతి సూక్ష్మజీవులే సముద్రపు అడుగు బురదలోనూ మీథేన్ తయారు చేస్తాయి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక కృష్ణా-గోదావరి తీరానికి ఆవల, సుమారు వెయ్యి మీటర్ల నీటి కింద బురదను తవ్వినప్పుడు, నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడిన మీథేన్, అంటే మీథేన్ హైడ్రేటు, ఉన్న పొర 128 మీటర్ల మందాన ఎదురైంది. సూక్ష్మజీవులు తేలికరకం కార్బన్‌ను ఇష్టపడతాయి కనుక, ఆ మీథేన్‌లో కార్బన్ రకాల పాళ్లను కొలిచి అది ప్రధానంగా వాటి పనేనని తేల్చారు. దాన్ని సురక్షితంగా వెలికితీసే వాణిజ్య పద్ధతి ఇంకా చేతికి రాలేదు.

మీ పిల్లల పేజీలో వచ్చే ఆదివారం ఒక సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. బొగ్గు చిత్తడి అడవుల నుంచి, చమురు ప్రధానంగా సూక్ష్మమైన నాచు జాతుల నుంచి వచ్చాయని, సింగరేణి బొగ్గు డైనోసార్ల కంటే పాతదని మూడు వాక్యాలు చాలు. డైనోసార్ బొమ్మ స్థానంలో ఆకు బొమ్మ వేయదలచుకుంటే, నా దగ్గర గని పైకప్పు షేల్‌లో దొరికిన గ్లాసోప్టెరిస్ ముద్ర ఒకటి ఉంది. అరచేతి పొడవు ఉంటుంది, నడి ఈనె చక్కగా కనబడుతుంది. ఫొటో తీసుకోవడానికి మీ విలేకరి ఏ రోజు వచ్చినా చూపిస్తాను. లేదా స్థానిక కార్యాలయానికి నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి
రాజమహేంద్రవరం